ఒక పెంకుటిల్లు, నలుగురు మనుషులు, ఒక యుద్ధం: తక్కువ ఖర్చులో గూఢచారి సినిమా ఎలా తీయాలి?

యుద్ధకాలపు గూఢచారి కథ తీద్దామని కూర్చున్న కుర్రాళ్ళు మొట్టమొదట వాకబు చేసేది తుపాకులు ఎక్కడ అద్దెకిస్తారని. తర్వాత యూనిఫాంలు. ఆ తర్వాత డ్రోను. ఈ మూడింటినీ జాబితాలోంచి ముందే కొట్టేయండి. అద్దె తుపాకీ తెరమీద కూడా అద్దె తుపాకీలాగే కనబడుతుంది. దాన్ని పట్టుకున్న నటుడు అంతకంటే ఘోరంగా కనబడతాడు.

చేతిలో రెండు మూడు లక్షలు, ఒక మంచి ఫోనో మామూలు కెమెరానో, పిలిస్తే వచ్చే అయిదారుగురు స్నేహితులు ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నాను. పాతిక, ముప్ఫై నిమిషాల సినిమా తీస్తే చాలు. ఆ డబ్బుతో యుద్ధం తీయలేం గానీ గూఢచారిని బ్రహ్మాండంగా తీయొచ్చు. ఎందుకంటే నిజం గూఢచారి చేసే పని లారీలు లెక్కపెట్టడం, బిల్లులు చదవడం, వంటింటి మాటలు చెవిన వేసుకోవడం. ఇవన్నీ చవకగా దొరికే దృశ్యాలే.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతుండగా తీసిన సినిమాలకీ డబ్బు ఆడలేదు. 1942లో అమెరికా ప్రభుత్వం ఒక్కో సినిమాకి సెట్టింగుల కొత్త సామాను 5,000 డాలర్లు దాటకూడదని ఆంక్ష పెట్టింది. 'కాసాబ్లాంకా' చివర్లో పొగమంచులో నిలబడే విమానం చిన్న సైజులో చేసిన బొమ్మ. అది పెద్దదిగా అనిపించాలని దాని చుట్టూ పొట్టివాళ్ళని మెకానిక్కులుగా తిప్పారు. మంచు లేకపోతే గుట్టు బయటపడేది. లోటుని దాచడానికి వాడినదే ఆ దృశ్యానికి అందమైంది.

మొదటి అడుగు: యుద్ధాన్ని ఒక ఊళ్ళోకి, ఒక ఇంట్లోకి తెచ్చుకోండి

మనుషుల్ని మీరు కల్పించుకోండి గానీ, వాళ్ళు నిలబడే కాలమూ చోటూ నిజమైనవి కావాలి. ఈ వ్యాసమంతా 1971 విశాఖపట్నాన్ని పట్టుకుని నడుస్తాను.

అప్పటి సంగతి ఇది. మన నౌకాదళానికి ఉన్న ఒకే ఒక్క విమానవాహక నౌక విక్రాంత్. దాన్ని వేటాడటానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరింది. తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని అండమాన్ దీవుల్లో దాచి, అది విశాఖ దగ్గరే తిరుగుతోందని శత్రువు నమ్మేలా ఒక నాటకం ఆడించారు. బాగా పాతబడిన రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్‌ని సముద్రం మీదికి పంపి, పెద్ద ఓడ పంపినన్ని వైర్‌లెస్ సందేశాలు పంపమన్నారు. ఒడ్డున కాంట్రాక్టర్లకి పెద్ద ఓడకి సరిపడా సరుకులు ఆర్డరిచ్చారు. విక్రాంత్ మీది నావికుడొకడు జబ్బుపడిన తన తల్లి క్షేమం అడుగుతున్నట్టు ఒక మామూలు టెలిగ్రామ్ కూడా పంపించారు, చదివేవాడు చదువుకోనీ అని. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. ఆ అర్ధరాత్రి దాటాక విశాఖ తీరం దగ్గర ఘాజీ మునిగిపోయింది. ఆ పేలుడుకి ఊళ్ళో కిటికీ అద్దాలు అదిరాయి. ఎలా మునిగిందన్నదాని మీద మన నౌకాదళం మాట ఒకటి, పాకిస్తాన్ మాట ఇంకొకటి. ఆ తగువులోకి మీ సినిమా వెళ్ళక్కర్లేదు.

సంకల్ప్ రెడ్డి 2017లో తీసిన 'ఘాజీ' ఈ కథలో నీటి కింద భాగాన్ని తీసుకుంది. జలాంతర్గామి సెట్టు వేసుకుని, సినిమా దాదాపు మొత్తం అందులోనే నడిపారు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. మీకు ఆ సెట్టు వేసే స్తోమత లేదు కాబట్టి ఒడ్డు తీసుకోండి. ఒడ్డున ఏముంది? సరుకుల బిల్లు ఉంది.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కాంట్రాక్టరు. ఆయన దగ్గర లెక్కలు రాసే గుమాస్తా. రేవులో లేని ఓడకి ఇన్ని మేకలు, ఇన్ని బస్తాల ఉల్లిపాయలు ఎందుకని వాడికి అనుమానం వస్తుంది. అడిగితే కాంట్రాక్టరు పళ్ళు బిగించి, "ఓడ ఉందనే అను, ఎవడడిగినా," అంటాడు. గుమాస్తా ఇంట్లో వీధి గదిలో ఒక పెద్దమనిషి అద్దెకుంటాడు. ఆయనకీ అదే అనుమానం వచ్చింది. ఓడ ఇక్కడే ఉందని ఇదివరకే కబురు పంపేశాడు, ఇప్పుడు ఖాయం చేసుకోవాలి. ఇంట్లో గుమాస్తా తల్లి, పోస్టాఫీసులో పనిచేసే చెల్లెలు. కాంట్రాక్టరుకి ఒక్క సీను చాలు. మిగతాదంతా ఆ నలుగురే, ఆ ఇల్లే, డిసెంబరు 3 రాత్రే.

ఇక్కడే ఈ కథ మామూలు గూఢచారి కథ నుంచి తప్పుకుంటుంది, గమనించండి. అద్దెదారుని పట్టుకోవడం గుమాస్తా పని కాదు. పట్టుకుంటే నాటకం చెడుతుంది. వాణ్ణి తెల్లవారేదాకా నమ్మకంగా ఉంచాలి. ఎదురుగా కూర్చోబెట్టి, అన్నం పెట్టి, నవ్వుతూ అబద్ధమాడాలి. పరుగులు, కారు ఛేజింగులు, మేడ మీంచి దూకడాలు అన్నీ దీనితో అనవసరమైపోయాయి. ఒక భోజనం సీనుంటే చాలు.

రెండో అడుగు: ఎవరికి ఏం తెలుసో గోడమీద రాసుకోండి

సంభాషణలు తర్వాత రాయొచ్చు. ముందు ఒక పెద్ద కాగితం గోడకి అంటించి, అడ్డంగా సీన్లు, నిలువుగా మనుషుల్ని వేయండి. చివర్న ఇంకో వరుస, ప్రేక్షకుడిది. ప్రతి గడిలో "ఈ సరికి ఇతనికి ఏం తెలుసు" అన్నదొక్కటే రాయండి. ఏ సీన్లోనైనా ఏ గడీ మారకపోతే ఆ సీను తీసేయండి, ఎంత బాగా రాసినా సరే. షూటింగ్ అయ్యాక కత్తిరించడం కన్నా ఇప్పుడు కత్తిరిస్తే ఒక రాత్రి అద్దె, ఒక పూట భోజనాలు మిగులుతాయి.

ఇలాంటి కథలో గుట్టు బయటపెట్టే వస్తువు ఒకటి కావాలి. అది చిన్నదై ఉండాలి, ఆ కాలానికే చెందినదై ఉండాలి. 1942లో ఇంగ్లండులో తీసిన 'వెంట్ ది డే వెల్?' చూడండి. ఇంగ్లీషు సైనికుల వేషంలో జర్మన్లు ఒక పల్లెటూళ్ళో దిగుతారు. పేకాట లెక్క రాస్తూ వాళ్ళలో ఒకడు 7 అంకెని మధ్యలో అడ్డగీతతో, యూరప్ పద్ధతిలో వేస్తాడు. ఇంకొకడి సంచిలో వియన్నా చాక్లెట్ దొరుకుతుంది. అంతే, గుట్టు రట్టు.

మనకి 1971లో అలాంటిది ఉందా అంటే, ఉంది. బంగ్లాదేశ్ శరణార్థుల సాయం కోసమని ఆ ఏడాది నవంబరు 15 నుంచి ఉత్తరాల మీద మామూలు స్టాంపుకి తోడు 5 పైసల శరణార్థి స్టాంపు తప్పనిసరి చేశారు. మొదట్లో కుటుంబ నియంత్రణ స్టాంపు మీదే పైన అక్షరాలు అచ్చొత్తి అమ్మారు. మీ సినిమా మొదటి సీన్లో తల్లి కొడుకుతో, "ఉత్తరం ముక్కకి ఇంకో అయిదు పైసలట, ఏటీ దోపిడీ," అని సణగనివ్వండి. నవ్వుకుని మర్చిపోతారు. పన్నెండో నిమిషంలో అద్దెదారు, తమ్ముడు మద్రాసు నుంచి నవంబరు 25న రాశాడని ఒక కవరు చూపిస్తాడు. చెల్లెలు దాన్ని అందుకుని చూస్తుంది. స్టాంపు ఉంది, తేదీ ముద్ర ఉంది. ఆ 5 పైసల బిళ్ళ లేదు. ఆ ఉత్తరం ఏ టపాలోనూ రాలేదు. ఆమె ఏమీ అనకుండా కవరు తిరిగి ఇచ్చేస్తుంది. వివరణ మాటల్లో చెప్పించారో, మీ పని అయిపోయినట్టే.

పైగా ఆ కవరు మీద చిరునామాలో పిన్‌కోడ్ రాయకండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది.

మాటల విషయానికొస్తే, గూఢచారి సినిమాలో మాట ఎప్పుడూ వేరే దాని గురించి ఉండాలి. ఒక ముక్క చూడండి:

తల్లి: ఇంకొంచెం మజ్జిగ పోసుకోండి బాబూ.
అద్దెదారు: చాలు పిన్నిగారూ. మీవాడు ఇంకా రాలేదే? మార్కెట్లో పని ఎక్కువైనట్టుంది.
తల్లి: ఏటి పనో బాబూ! ఊళ్ళో మేకలన్నీ ఓడెక్కేస్తన్నాయట.
అద్దెదారు: (నవ్వి) పెద్ద ఓడే అయ్యుంటుంది.
తల్లి: మేకలకి తెలవాలి.

ఇందులో యుద్ధం అన్న మాట లేదు. కెమెరా మాత్రం మజ్జిగ గ్లాసు పట్టుకున్న అతని చేతి మీద ఉంటుంది. "ఓడెక్కేస్తన్నాయట" దగ్గర ఆ చెయ్యి ఆగుతుంది.

మూడో అడుగు: నటులు

దీనికి ఎక్కువ చెప్పను. నాటకాలు వేసేవాళ్ళని వెతకండి, ఉత్తరాంధ్రలో వాళ్ళకి కొదవ లేదు. తల్లి వేషానికి ఆ యాస ఇంటి భాషగా ఉన్నావిడే కావాలి, నేర్చుకున్న యాస ఆమె మొదటి మాటకే దొరికిపోతుంది. అద్దెదారు వేషానికి గడ్డం, సుర్మా, నక్కచూపులు పెట్టాలన్న కోరిక పుడుతుంది. వద్దు. అది పాచిపోయిన అలవాటు, పైగా తప్పు కూడా. వాణ్ణి మన వీధిలో అందరూ గౌరవించే మనిషిలా చూపించండి. తల్లికి అతను నచ్చాలి. డబ్బవసరంతోనో, పాత పగతోనో ఈ పనిలోకి దిగాడని ఒక్క వాక్యంలో తెలిస్తే చాలు.

నాలుగో అడుగు: ఇల్లు, అనుమతులు

ఇంటి కోసం విశాఖలో వెతికితే అద్దెకే డబ్బులు చాలవు. వన్‌టౌన్ పాత వీధుల్లో ఇళ్ళు ఉన్నాయి గానీ బయట ట్రాఫిక్ రొద రాత్రి పదకొండు దాకా తగ్గదు. భీమిలి, విజయనగరం వైపు పాత పెంకుటిళ్ళు చూడండి. చూసేటప్పుడు అందం సంగతి తర్వాత, ముందు మూడు విషయాలు: రాత్రి పూట ఎంత నిశ్శబ్దం, కెమెరా వెనక్కి జరగడానికి ఎంత చోటు, ఇంటివాళ్ళు ఫ్రిజ్ ఆపనిస్తారా లేదా.

రేవు వైపు, నౌకాదళ స్థావరాల వైపు కెమెరా ఎత్తకండి. విశాఖ నౌకాదళపు ఊరు. నిషిద్ధ ప్రాంతాల్ని చిత్రీకరిస్తే అధికార రహస్యాల చట్టం కింద కేసవుతుంది, గూఢచారి సినిమా తీస్తున్నామంటే పోలీసులు నవ్వరు. డ్రోన్ ఎగరేద్దామన్న ఆలోచన ఇక్కడ అసలే వద్దు. సైనికుడు కానివాడు చూసేవాళ్ళని నమ్మించేలా సైనిక దుస్తుల్లో వీధిలో తిరగడమూ నేరమే. సైనిక దళాల్ని చూపించే సినిమాలకి రక్షణ శాఖ నిరభ్యంతర పత్రం ఉండేలా చూడమని 2020లో ఆ శాఖ సెన్సారు బోర్డుకి రాసింది. మన కథలో ఒక్క యూనిఫాం కూడా లేకపోవడానికి ఇదీ ఒక కారణం. అధికారి ఎవరైనా కనబడాల్సి వస్తే తెల్ల చొక్కాలో, కాంట్రాక్టరు కొట్లో కూర్చుని సోడా తాగుతూ కనబడతాడు. నిజానికి అలాగైతేనే భయమేస్తుంది.

ఇంటి యజమానితో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. తేదీలు, అద్దె, ఏం పాడైతే ఎవరు బాధ్యులు అన్నవి. వీధిలో తీసేటప్పుడు స్థానిక పోలీసు స్టేషన్‌కి, పురపాలక సంఘానికి ముందే దరఖాస్తు పెట్టండి. సినిమాలో మేకో, ఆవో కనబడి, ఆ సినిమాకి సెన్సారు సర్టిఫికెట్ కూడా తీసుకోవాలనుకుంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కావాలి. అందుకే మేకలు మాటల్లోనే ఓడెక్కాలి.

అయిదో అడుగు: కాలం

1971ని కొనడానికి వెళ్ళకండి. ఆ కాలానికి చెందని వాటిని ఫ్రేములోంచి తీసేయడం ఖర్చులేని పని, ముందు అది చేయండి. ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్లెక్సీలు, ఎల్‌ఈడీ వీధిదీపాలు, డిష్ యాంటెనాలు, నీళ్ళ ట్యాంకులు, రూపాయి గుర్తు. ఆ గుర్తు 2010లో వచ్చింది. ఏపీ 31 తరహా నంబరు ప్లేట్లు 1989 తర్వాతవి. టీవీ ఆ రోజుల్లో విశాఖలో లేదు. కుర్రాళ్ళ జుట్టు పక్కల గొరిగి పైన గుబురుగా ఉంటే వాళ్ళు 1971 వాళ్ళు కారు. కత్తిరింపు మార్చమనండి లేదా వెనక నుంచి తీయండి.

డబ్బు పెట్టాల్సిన వస్తువులు చాలా కొద్ది, దగ్గర నుంచి కనబడేవి మాత్రమే. ఒక వాల్వు రేడియో, అది పనిచేయక్కర్లేదు. ఒక హరికేన్ లాంతరు. ఇత్తడి, కంచు సామాను ఎవరింట్లోనైనా అటక మీద ఉంటుంది. అల్యూమినియం పైసా బిళ్ళలు, ముఖ్యంగా 3 పైసలది, పాత నాణేల దుకాణంలో దొరుకుతుంది. టెలిగ్రామ్ ఫారం, రేషన్ కార్డు, సరుకుల బిల్లు మీరే తయారుచేసుకోవచ్చు. పాత నమూనా చూసి అచ్చు వేయించి, పల్చటి టీ డికాషన్లో ముంచి ఆరబెట్టండి. చిక్కటి డికాషన్ వద్దు, అప్పుడది వందేళ్ళ తాళపత్రంలా కనబడుతుంది. 1971లో ఆ కాగితం కొత్తదే కదా! బిల్లు మీద చేతిరాత ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్ళతో, సిరా కలంతో రాయించండి. ఆ అక్షరాల వాలు మనకి రాదు.

గోడ మీద సినిమా పోస్టరు పెట్టాలనిపిస్తుంది. 'ప్రేమ్‌నగర్' ఆ సెప్టెంబరులోనే విడుదలైంది, కాలానికి సరిగ్గా సరిపోతుంది. అయితే పోస్టరుకి హక్కుదారులుంటారు. చినిగి, సగం మిగిలిన ఏదో రంగుల కాగితం పెట్టండి, ఎవరి ముఖమూ లేకుండా.

అద్దెదారు సిగరెట్టు కాల్చాడంటే ధూమపానం హానికరమన్న అక్షరాలు తెర కింద పడతాయి. మీరు కట్టుకున్న ఆ కాలపు మూడ్ అంతా ఆ పట్టీ తినేస్తుంది. అతనికి వక్కపొడి డబ్బీ ఇవ్వండి. టక్కున మూత పడే చప్పుడు కూడా మీకు పనికొస్తుంది.

ఆరో అడుగు: బ్లాకౌట్

ఈ సినిమాకి దేవుడిచ్చిన వరం బ్లాకౌట్. యుద్ధం రోజుల్లో కిటికీలకి నల్ల కాగితం అంటించారు, కారు హెడ్‌లైట్ల పైసగం నల్లరంగు పూశారు, వీధిదీపాలు ఆర్పేశారు. అంటే మీ దగ్గర లైట్లు లేకపోవడం చారిత్రక సత్యం. పైగా 1971 డిసెంబరు 2న పౌర్ణమి. కథ జరిగే రాత్రి పౌర్ణమి వెళ్ళిన మర్నాడు. దీపం ఒక్కటీ లేని ఊరి మీద నిండు వెన్నెల. కాబట్టి పెరట్లో, డాబా మీద చల్లటి లేత వెలుగు ఉంటే ఎవరూ తప్పుబట్టలేరు.

చీకటి తీయడమంటే కెమెరాని చీకట్లో పెట్టడం కాదని మాత్రం గుర్తుంచుకోండి. కెమెరాకి చాలినంత వెలుగు ఇవ్వకపోతే నలుపంతా గింజలు గింజలుగా కొట్టుకుంటుంది. ముఖం మీద ఒక వైపు తగినంత వెలుగు పడనివ్వండి, రెండో వైపు నల్ల దుప్పటి అడ్డం పెట్టి చీకటి చేయండి. తీసేటప్పుడు కాస్త ఎక్కువ వెలుగుతో తీసి, ఎడిటింగ్‌లో తగ్గించుకోండి. లాంతరు లోపల చిన్న పసుపు ఎల్‌ఈడీ బల్బు పెట్టి, కెమెరా వైపు కనబడకుండా మసి పూయండి. ఆ లాంతరు సరిపోదు కాబట్టి, దాని దిక్కు నుంచే ఇంకో పసుపు బల్బుని థర్మోకోల్ అట్ట మీద కొట్టి ముఖం మీదికి తిప్పండి. షట్టరు 1/50 దగ్గర ఉంచండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దానికి పొసగని అంకె పెడితే బల్బులు మినుకుమినుకుమనొచ్చు. బయటి దృశ్యాలు అర్ధరాత్రి తీయకండి. సూర్యుడు దిగాక దొరికే పావుగంట, ఇరవై నిమిషాల్లో తీయండి. ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, ఇంటి కప్పు నల్లగా కోసినట్టు నిలబడుతుంది.

రేడియో దగ్గర నలుగురూ మూగే సీనుకి వేరే దీపమే వద్దు. వాల్వు రేడియో ముందు గాజుపలక వెనక చిన్న పసుపు బల్బు పెట్టి, దాని వెలుగులోనే నాలుగు ముఖాలూ చూపించండి. నిజం వాల్వు రేడియో స్విచ్ వేయగానే మాట్లాడదు. వేడెక్కడానికి అర నిమిషం దాకా పడుతుంది. ఆ అర నిమిషం మీది. ఎవరు ఎవర్ని చూస్తున్నారు, ఎవరు చూడటం లేదు అన్నది అందులో తేల్చండి.

ఏడో అడుగు: పేలుడు

ఆ రాత్రి అర్ధరాత్రి దాటాక ఇందిరాగాంధీ రేడియోలో మాట్లాడారు. ఊరంతా మేలుకునే ఉంది. మీ సినిమా పతాక సన్నివేశం ఇదే: రేడియో ముందు నలుగురూ, ప్రసంగం ఇప్పుడు మొదలవుతుందన్న ప్రకటన, అంతలో సముద్రం వైపు నుంచి ఒక దెబ్బ. జలాంతర్గామి మునుగుతున్న శబ్దమని ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రేక్షకుడికి తెలుసు.

దీన్ని ఇలా తీయండి. స్టీలు గ్లాసులు, కంచాలు ఉన్న గూటిని ఒకడు వెనక నుంచి రెండు చేతులతో అదిలించాలి. ఇంకొకడు అటక మీంచి జల్లెడతో ముగ్గుపిండి పలచగా రాల్చాలి, లాంతరు వెలుగు వెనక నుంచి పడేలా చూసుకుంటే ప్రతి రేణువూ కనబడుతుంది. నటుల కళ్ళలో పడకుండా చూసుకోండి. లాంతరుకి సన్నటి నూలుదారం కట్టి ఒక్కసారి లాగి వదిలేయండి. కిటికీకి అంటించిన నల్ల కాగితం ఒక మూల ముందే సగం ఊడదీసి ఉంచి, దెబ్బకి అది వేలాడేటట్టు చేయండి. ఆ సందులోంచి వెన్నెల గీత గదిలో పడుతుంది. కెమెరాని మాత్రం ఊపకండి. అందరూ చేసే పొరపాటు అదే. కెమెరా నిశ్చలంగా ఉండి గది అదిరితేనే నమ్ముతారు. మొత్తం మూడు సెకన్లు. ఆ తర్వాత ఒక గ్లాసు దొర్లుకుంటూ పోయి అద్దెదారు కాలికి తగిలి ఆగుతుంది. అతను వంగి దాన్ని తీసి తల్లికి అందిస్తాడు. అక్కడ అతని ముఖం చూపించాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే చూపించను, గుమాస్తా ముఖం చూపిస్తాను.

ఎనిమిదో అడుగు: చెవి

బడ్జెట్లో భోజనాలు, ప్రయాణాల తర్వాత ఎక్కువ డబ్బు శబ్దానికి పెట్టండి. కెమెరా స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకోండి, మైకు మాత్రం అద్దెకైనా మంచిది తెచ్చుకోండి. బొమ్మ కాస్త మసగ్గా ఉంటే అది బ్లాకౌట్ అనుకుంటారు. మాట వినబడకపోతే లేచిపోతారు.

తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్, నీళ్ళ మోటారు ఆపేయండి. ఫ్రిజ్ ఆపిన మనిషి తన బండి తాళాలు అందులో పెట్టాలి, అప్పుడు వెళ్ళేముందు మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోడు. ప్రతి సీను అయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఖాళీ గది నిశ్శబ్దాన్ని అర నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు వేసేది అదే.

యుద్ధమంతా వినబడాలి. సైరన్ సంగతి ముందు చెబుతాను. పైకీ కిందికీ ఊగుతూ మోగితే విమానదాడి హెచ్చరిక, ఒకే స్థాయిలో సాగితే ప్రమాదం తప్పిందని. ఈ తేడా చాలా సినిమాల్లో తప్పుతుంది. తర్వాత తంతి. పోస్టాఫీసులో తీగ మీద వచ్చే మోర్సు లోహపు టకటక, సౌండర్ అనే పరికరం కొట్టే చప్పుడు. ఓడ మీది వైర్‌లెస్‌లో వచ్చేది సన్నటి కీచుమనే బీప్. మొదటిది కావాలంటే వక్కపొడి డబ్బీ మూతని బల్లకేసి కొట్టి రికార్డు చేసుకోండి. అద్దెదారు గదిలోంచి రాత్రి వినబడేది తలుపు గడియా, డబ్బీ మూతా, లేక ఇంకేదైనానా అన్న అనుమానం చెల్లెలికీ ప్రేక్షకుడికీ కలిసే పుడుతుంది.

రేడియో గొంతు మీరే తయారుచేసుకోవాలి. ఆకాశవాణి పాత రికార్డింగులకి, 1971 సినిమా పాటలకి హక్కులు ఇంకా ఉన్నాయి, అనుమతి లేకుండా ఒక్క చరణం వాడినా తర్వాత తలనొప్పి. వార్తలు చదివే అలవాటున్న మిత్రుడితో మీరు రాసిన నాలుగు వాక్యాలు చదివించండి. దాన్ని చిన్న ట్రాన్సిస్టరు స్పీకరులోంచి వినిపించి, ఆ గదిలోనే మైకు దూరంగా పెట్టి మళ్ళీ రికార్డు చేయండి. కంప్యూటర్లో ఎన్ని మీటలు నొక్కినా ఆ రేకు గొంతు రాదు. ప్రధాని ప్రసంగం మనకి అక్కర్లేదు, అది మొదలవకముందే దెబ్బ వినబడుతుంది.

పేలుడు శబ్దానికి సినిమా బాంబుల చప్పుడు వాడకండి. దూరంలో, నీటి కింద జరిగిన పేలుడు ఛాతీలో తెలుస్తుంది, చెవికి ఆలస్యంగా అందుతుంది. ఖాళీ ఇనప పీపా మీద తడి గోనెపట్టా కప్పి రోకలితో ఒక్క దెబ్బ కొట్టించి, దాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గించి చూడండి. దాని ముందు ఒక క్షణం పూర్తి నిశ్శబ్దం పెట్టండి, కీచురాళ్ళు కూడా ఆగిపోవాలి. నేపథ్య సంగీతం అక్కడ పెట్టకూడదు. నన్నడిగితే సినిమా మొత్తంలోనూ మూడు చోట్లకు మించి అక్కర్లేదు.

తొమ్మిదో అడుగు: షూటింగు రోజులు

ఆరు రాత్రులు చాలు, కథ వరుసలో తీయగలిగితే ఇంకా మంచిది. ఒకే ఇల్లు కాబట్టి అది వీలవుతుంది. నటుల అలసట సహజంగా పెరుగుతూ వస్తుంది, తెల్లవారుజాము సీన్లో కళ్ళు ఎర్రబడటానికి మేకప్ అక్కర్లేదు. భోజనం సీనుకి ఒక రాత్రంతా కేటాయించండి. అన్నం, పప్పు, మజ్జిగ మూడు రెట్లు వండించుకోండి, ఎందుకంటే ప్రతి టేకుకీ కంచం మొదటికి రావాలి. ఎవరు ఎన్ని ముద్దలు తిన్నారో రాసుకునే మనిషి ఒకరుండాలి. నిజంగానే ఒక పుస్తకం పెట్టుకుని రాయాలి, ఫోన్లో ఫోటో కూడా తీసుకోవాలి.

ప్రతి సీనుకి ముందు చేతులు తీయండి. కవరు తిప్పుతున్న చెయ్యి, బిల్లు మీద అంకెలు వెతుకుతున్న వేలు, గడియ పెడుతున్న చెయ్యి. ఎడిటింగ్‌లో ఏ అతుకు కుదరకపోయినా వీటిలో ఒకటి ఆదుకుంటుంది. తీసిన ఫైళ్ళని ఆ రాత్రే రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి, రెండింటినీ ఇద్దరి ఇళ్ళకి పంపండి.

చివరిగా: చూపించడం

మొదటి కూర్పు మీ బృందానికి చూపించకండి, వాళ్ళకి కథ తెలుసు. ఊళ్ళో ఈ సంగతులేవీ తెలియని అయిదుగురిని కూర్చోబెట్టి, తెర వైపు కాకుండా వాళ్ళ వైపు చూస్తూ కూర్చోండి. ఫోను తీసిన చోట టైము రాసుకోండి. అయ్యాక అడగాల్సింది రెండే: చెల్లెలికి ఎప్పుడు తెలిసింది? ఎలా తెలిసింది? ముగ్గురు చెప్పలేకపోతే 5 పైసల బిళ్ళ మొదటి సీన్లో సరిగ్గా పడలేదన్నమాట, తల్లి సణుగుడు ఇంకో రెండు సెకన్లు దగ్గర నుంచి చూపించండి. అయిదుగురూ టక్కున చెప్పేస్తే ఎక్కువ చూపించారు, తగ్గించండి.

హాల్లో టిక్కెట్టు పెట్టి వేయాలంటే సెన్సారు సర్టిఫికెట్ కావాలి, దానికి ఫీజూ కాగితాలూ ఉంటాయి. యూట్యూబ్‌లో పెట్టడానికి అక్కర్లేదు. చలనచిత్రోత్సవాలకి పంపేవాళ్ళు ముందు నియమాలు చదవండి, ఇదివరకే ఇంటర్నెట్‌లో పెట్టిన సినిమాని కొన్నిచోట్ల తీసుకోరు. సబ్‌టైటిల్స్ రాసేటప్పుడు మేకల మాటని కుదించకండి. మొదట్లో ఒక కార్డు వేయండి: నేపథ్యం నిజం, మనుషులు కల్పితం అని. రాజ్‌పుత్, విక్రాంత్, కృష్ణన్ పేర్లు ఆ కార్డులో పెట్టొచ్చు, తప్పుల్లేకుండా. పెట్టేముందు తేదీలు ఇంకోసారి సరిచూసుకోండి.